ఇల్లు అమ్మిన డబ్బు పంపకంలో సొలిసిటర్ తప్పు చేశాడా? ఇంగ్లండ్‌లో ఫిర్యాదు ఇలా చేయండి

‘అక్కా, ఇల్లు అమ్మిన డబ్బులో నా వాటా తక్కువ పడింది. లాయర్ని అడిగితే చూస్తున్నాం అంటున్నారు. నెల దాటింది. ఏం చేయమంటారు?’

రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్, ఇలా మనవాళ్ళు ఉన్న ఊళ్ళ నుంచి ఈ ప్రశ్న తరచూ వస్తూనే ఉంది. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకసారి రాసిపెడదామని కూర్చున్నాను. నేను లాయర్ని కాదు, పేరోల్ ఆఫీసులో పనిచేస్తాను. విడాకుల తర్వాత మా ఇల్లు అమ్మినప్పుడు నాకూ ఇదే జరిగింది. సరిచేయించుకోవడానికి దాదాపు పద్నాలుగు వారాలు పట్టింది. అందులో దాదాపు ఆరు వారాలు నా చేతకానితనం వల్లే పోయాయి. అదెలాగో మూడో స్టెప్‌లో చెబుతాను.

ఇక్కడ రాసేదంతా ఇంగ్లండ్, వేల్స్‌లోని సొలిసిటర్ల గురించే. స్కాట్లాండ్‌లో ఫిర్యాదులు స్కాటిష్ లీగల్ కంప్లైంట్స్ కమిషన్‌కి వెళ్తాయి. నార్తర్న్ ఐర్లండ్ పద్ధతి మళ్ళీ వేరు.

ఇంకో మాట. ‘లాయర్ మీద కంప్లైంట్ పెడితే వీసాకి ఏమైనా అవుతుందేమో’ అని చాలామంది లోలోపల భయపడతారు. ఏమీ కాదు. హోమ్ ఆఫీసుకీ దీనికీ సంబంధమే లేదు. ఫిర్యాదుకి ఫర్మ్ మీ దగ్గర ఫీజు వసూలు చేయకూడదు, లాయర్ల మీద ఫిర్యాదులు విచారించే లీగల్ ఆంబుడ్స్‌మన్ సేవ కూడా ఉచితమే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కోర్టు సీలు పడిన కన్సెంట్ ఆర్డర్, అంటే విడాకుల్లో డబ్బు, ఆస్తి పంపకం మీద ఇద్దరూ ఒప్పుకున్నదానికి కోర్టు ఇచ్చిన ఉత్తర్వు. పెళ్ళి కాకుండా కలిసి ఉండి విడిపోయినవాళ్ళయితే డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్ (ఇంట్లో ఎవరి వాటా ఎంతో రాసిన పత్రం), లేదా వాటాల గురించి ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకున్న కాగితం.
- ఇల్లు అమ్మాక సొలిసిటర్ పంపిన కంప్లీషన్ స్టేట్‌మెంట్, అంటే అమ్మకం డబ్బు లెక్కంతా చూపించే కాగితం.
- మార్ట్‌గేజ్ బ్యాంకు ఇచ్చిన రిడెంప్షన్ స్టేట్‌మెంట్, అంటే లోన్ తీర్చడానికి ఏ రోజుకి ఎంత కట్టాలో చెప్పే కాగితం.
- మొదట్లో సొలిసిటర్ ఇచ్చిన క్లయింట్ కేర్ లెటర్. ఫిర్యాదు ఎవరికి పంపాలో అందులోనే ఉంటుంది. దీన్ని ఎవరూ చదవరు, నేనూ చదవలేదు.
- డబ్బు పడిన రోజు మీ బ్యాంకు స్టేట్‌మెంట్.
- డబ్బు ఎలా పంచాలో, ఏ అకౌంట్‌కి వేయాలో చెబుతూ మీరు పంపిన ఇమెయిళ్ళు. వాట్సాప్‌లో చెప్పి ఉంటే ఆ స్క్రీన్‌షాట్లు.

కంప్లీషన్ స్టేట్‌మెంట్ లేకపోతే ఇవాళే అడగండి. దాంతోపాటు ‘క్లయింట్ లెడ్జర్’ కాపీ కూడా అడగండి. మీ ఫైలు పేరిట ఏ రోజు ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరికి పోయింది అన్నది వరసగా అందులో ఉంటుంది. నా కేసు తేలింది ఆ ఒక్క పేజీతోనే. ఇవ్వకుండా నాన్చితే ‘సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్’ అని రాసి అడగండి. మీకు సంబంధించిన వ్యక్తిగత సమాచారాన్ని సాధారణంగా ఒక నెలలోపు, డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి.

స్టెప్ 1: ముందు లెక్క మీరే వేయండి

కోపంగా ఫోన్ చేసేముందు ఒక అరగంట కాగితం మీద పెట్టండి. ‘తక్కువ పడింది’ అని నా దగ్గరికి వచ్చినవాళ్ళలో కొందరికి నిజానికి ఏమీ తక్కువ పడలేదు. అమ్మిన ధరలో 60 శాతం వస్తుందనుకున్నారు, ఆర్డర్‌లో ఉన్నదేమో నికర మొత్తంలో 60 శాతం. ఆర్డర్‌లో ‘నెట్ ప్రొసీడ్స్’ అన్న మాటకి అర్థం ఎలా రాశారో చూడండి. మామూలుగా మార్ట్‌గేజ్, ఎస్టేట్ ఏజెంట్ కమిషన్, అమ్మకపు లాయర్ ఫీజు పోగా మిగిలింది అని ఉంటుంది.

నా అంకెల్నే కొంచెం మార్చి చూపిస్తాను.

ఇల్లు అమ్మిన ధర 4,10,000 పౌండ్లు. మార్ట్‌గేజ్ తీర్చింది 2,46,380. ఏజెంట్ కమిషన్ 1.2 శాతం, దాని మీద 20 శాతం వ్యాట్ కలిపి 5,904. అమ్మకపు లాయర్ ఫీజు వ్యాట్‌తో 1,716. ఇవన్నీ తీసేస్తే నికరం 1,56,000. అందులో నా 60 శాతం 93,600, అతని 40 శాతం 62,400.

నా అకౌంట్‌లో పడింది 78,000. అంటే చెరిసగం పంచేశారు! ఆర్డర్ రాకముందు, మధ్యవర్తుల దగ్గర మాట్లాడుకునే రోజుల్లో, సగం సగం అని ఎవరో ఒక ఇమెయిల్ పంపారు. ఫైల్లో పైన అదే ఉంది. అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్న మనిషి దాన్నే పట్టుకున్నాడు. తేడా 15,600.

ఇది సులభంగా దొరికే తప్పు. దొరకనిది ఇంకోటుంది. కమిషన్, ఫీజు తీయకముందే 60, 40 చేస్తారు, ఆ తర్వాత ఖర్చులన్నీ ఒకరి వాటాలోంచే కోస్తారు. పై అంకెలతోనే చూడండి. మార్ట్‌గేజ్ పోగా 1,63,620. అందులో 60 శాతం 98,172. దాంట్లోంచి మొత్తం ఖర్చు 7,620 తీసేస్తే 90,552. రావాల్సింది 93,600 కదా, 3,048 పౌండ్లు ఎగిరిపోయాయి. పైపైన చూస్తే ‘60 శాతం ఇచ్చారు, ఫీజు కోశారు’ అని సబబుగానే అనిపిస్తుంది. అందుకే స్టేట్‌మెంట్‌లో కూడికలు తీసివేతలు ఏ వరసలో చేశారో చూడమంటున్నాను.

నేను చూసిన మిగతా రకాలు ఇవి. డబ్బు ఇద్దరి పేరునున్న పాత జాయింట్ అకౌంట్‌కి వేయడం, ఎక్స్ దాన్ని తెల్లారేలోపు ఖాళీ చేయడం. సార్ట్ కోడ్‌లో ఒక అంకె తారుమారు. విడాకుల కేసు ఫీజుని బిల్లు పంపకుండానే ఇంటి డబ్బులోంచి కోసుకోవడం (మీ డబ్బులోంచి ఫీజు తీసుకునేముందు బిల్లో రాతపూర్వక నోటీసో ఇవ్వాలన్నది సొలిసిటర్లకున్న రూలు). మార్ట్‌గేజ్ ఆలస్యంగా తీర్చడం, ఆ రోజుల వడ్డీ మీ మీద పడటం.

తప్పు కానిదాన్ని తప్పు అనుకోవద్దు కూడా. ‘నా డబ్బు హైదరాబాద్‌లో మా తమ్ముడి అకౌంట్‌కి పంపమంటే పంపట్లేదు’ అని ఒకావిడ మండిపడింది. మనీ లాండరింగ్ భయంతో చాలా ఫర్ములు మూడో మనిషి అకౌంట్‌కి, విదేశీ అకౌంట్‌కి పంపవు. అది ఇబ్బందే కానీ పేమెంట్ తప్పు కాదు. విడిపోయి ఇండియా వెళ్ళిపోవాలనుకుంటే, మీ ఒక్కరి పేరున ఇక్కడి అకౌంట్‌ని డబ్బు పడేదాకా మూయకండి.

స్టెప్ 2: తప్పు కనబడిన రోజే చిన్న ఇమెయిల్

ఇది ఇంకా ఫిర్యాదు కాదు. ‘పొరపాటు జరిగినట్టుంది, వెంటనే చూడండి’ అన్న నాలుగు ముక్కలు చాలు. రావాల్సింది ఇంత, వచ్చింది ఇంత, తేడా ఇంత, రెండు పని దినాల్లో జవాబు ఇవ్వండి. ఫోన్ చేసి మాట్లాడినా సరే, పెట్టేసిన వెంటనే ‘ఇప్పుడు మనం మాట్లాడుకున్నది ఇదీ’ అని ఇమెయిల్ కొట్టండి. ఫోన్లో అన్న మాట మూడు వారాల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఆ ఇమెయిల్ కాపీ ఫర్మ్‌లో ‘కోఫా’ అనే మనిషికి కూడా పంపమనండి. ఫర్మ్ డబ్బు వ్యవహారాలు రూల్స్ ప్రకారం జరిగేలా చూసే బాధ్యత ఆయనది. ప్రతి సొలిసిటర్ ఫర్మ్‌లో ఒకరు ఉండాలి. మామూలు క్లయింటు నోట కోఫా అన్న మాట వస్తే రిసెప్షన్‌లో గొంతు కాస్త మారుతుంది, నేను విన్నాను.

ఇక్కడే ఒక జవాబు వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. ‘ఎక్కువ డబ్బు మీ ఎక్స్‌కి వెళ్ళింది, ఆయన్ని తిరిగి ఇవ్వమని అడిగాం, ఇవ్వగానే మీకు పంపుతాం.’ నాకు సరిగ్గా ఇదే వచ్చింది. పాపం వాళ్ళూ ప్రయత్నిస్తున్నారు కదా అని నేను కూర్చున్నాను. కూర్చోనక్కర్లేదు. సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ, అంటే ఎస్ఆర్ఏ, పెట్టిన అకౌంట్స్ రూల్స్‌లో 6.1 ఏమంటుందంటే, క్లయింట్ అకౌంట్‌లోంచి డబ్బు తీయకూడని విధంగా బయటికి పోతే, ఆ మొత్తాన్ని వెంటనే తిరిగి నింపాలి. ఎక్స్ దగ్గర్నుంచి రాబట్టుకోవడం ఫర్మ్ తలనొప్పి, మీది కాదు. ‘రూల్ 6.1 ప్రకారం లోటుని మీరు భర్తీ చేసి నా వాటా పంపండి’ అని ఒక్క వాక్యం రాయండి.

రెండు హెచ్చరికలు.

ఒకటి, డబ్బు తెలియని అకౌంట్‌కి వెళ్ళిందంటే, ముఖ్యంగా ‘మా బ్యాంకు వివరాలు మారాయి’ అన్న ఇమెయిల్ మధ్యలో వచ్చి ఉంటే, అది పొరపాటు కాదు, మోసం కావచ్చు. అప్పుడు ఇమెయిళ్ళతో పొద్దుపుచ్చకండి. 159కి ఫోన్ చేస్తే చాలా బ్యాంకుల మోసాల విభాగానికి కలుపుతారు. ఫర్మ్‌కి వాళ్ళ ఇమెయిల్‌లో ఉన్న నంబరుతో కాకుండా, పాత ఉత్తరం మీద ఉన్న నంబరుతో ఫోన్ చేయండి. ఇలాంటి కేసుల్లో గంటలే లెక్క.

రెండు, తప్పు మీవైపుకి లాభంగా జరిగి మీకే ఎక్కువ పడితే ముట్టుకోకండి. పొరపాటున పడిన డబ్బని తెలిసీ మోసపూరితంగా ఉంచేసుకుంటే 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ కింద నేరం అవుతుంది. ‘నాకు రావాల్సిన పిల్లల మెయింటెనెన్స్ కింద సర్దుకున్నాను’ అన్నది జవాబు కాదు.

స్టెప్ 3: ఒక పేజీ ఫిర్యాదు

చెప్పిన వారంలో కదలిక లేకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. క్లయింట్ కేర్ లెటర్‌లో ఎవరి పేరు ఉంటే వాళ్ళకి. పేరు లేకపోతే ‘కంప్లైంట్స్ హ్యాండ్లింగ్ పార్ట్‌నర్’ అని రాయండి చాలు. సబ్జెక్ట్ లైనులో ‘ఫార్మల్ కంప్లైంట్’ అన్న మాట తప్పకుండా ఉండాలి. లేకపోతే అది మామూలు ఉత్తరాల్లో కలిసిపోతుంది, ఫిర్యాదు తేల్చడానికి ఫర్మ్‌కున్న ఎనిమిది వారాల గడువు ఎప్పుడు మొదలైందని తర్వాత వాదన.

ఇప్పుడు నా చేతకానితనం. నా మొదటి ఉత్తరం కొండవీటి చాంతాడంత, ఆరు పేజీలు. పెళ్ళి అయినప్పటి నుంచి మొదలుపెట్టాను. డిపాజిట్‌లో మా నాన్న గుంటూరులో పొలం అమ్మి పంపిన డబ్బు ఎంతో, అతను ఎలా మాట తప్పాడో, పిల్లాడి స్కూలు ఎలా మారిందో, అన్నీ. రాస్తుంటే ఏడుపొచ్చింది, రాశాక మనసు తేలికపడింది కూడా. కానీ 15,600 అన్న అంకె ఐదో పేజీ మధ్యలో ఎక్కడో ఉంది. వాళ్ళ జవాబు ఏం వచ్చిందో తెలుసా? ‘దంపతుల మధ్య వివాదంలో మేము జోక్యం చేసుకోలేము.’ అంత మంచి అవకాశం నేనే వాళ్ళ చేతికిచ్చాను.

మీ గోడు నిజమే. కానీ ఈ ఉత్తరంలో అది వద్దు. తప్పు చేసింది ఫర్మ్, ఎక్స్ కాదు. ఉత్తరంలో ఎక్స్ పేరు ఒకటి రెండుసార్లకు మించి వచ్చిందంటే మళ్ళీ రాయండి. ఆ ఆరు పేజీల్ని స్నేహితురాలికి పంపండి, లేదా డ్రాఫ్ట్స్‌లో ఉంచుకోండి.

ఏప్రిల్ 24న నేను పంపిన రెండో ఉత్తరం దాదాపు ఇలా ఉంది. పంపేది ఇంగ్లిష్‌లోనే అనుకోండి, వరస మాత్రం ఇది:

‘1. కన్సెంట్ ఆర్డర్ ప్రకారం నికర మొత్తంలో నా వాటా 60 శాతం. ఆ పేరాకి గుర్తుపెట్టి కాపీ జతచేశాను.
2. మీ కంప్లీషన్ స్టేట్‌మెంట్ ప్రకారమే నికరం 1,56,000 పౌండ్లు. నా వాటా 93,600.
3. మార్చి 14న మీరు నాకు పంపింది 78,000. తక్కువ 15,600.
4. మార్చి 17న మీకు తెలియజేశాను. ఇప్పటిదాకా సరిచేయలేదు.
5. నేను కోరేవి: (అ) 15,600 పౌండ్లు 14 రోజుల్లో చెల్లించడం, (ఆ) మార్చి 14 నుంచి చెల్లించే రోజు దాకా వడ్డీ, (ఇ) దీనివల్ల నాకైన ఖర్చులు, రసీదులు జతచేశాను, (ఈ) పొరపాటు ఎలా జరిగిందో రాతపూర్వక వివరణ.’

అంతే. కింద సంతకం, తేదీ, జతచేసిన కాగితాల జాబితా.

వడ్డీ ఎంత అడగాలి? కోర్టు క్లెయిముల్లో మామూలుగా అడిగేది ఏడాదికి 8 శాతం, బారువడ్డీ. కోర్టు ఇచ్చి తీరాలనేమీ లేదు, అడగడానికి అది మంచి మొదలు. 15,600 మీద ఏడాదికి 1,248 పౌండ్లు, రోజుకి 3 పౌండ్ల 42 పెన్సు. ఏప్రిల్ 24 నాటికి 41 రోజులు, అంటే సుమారు 140 పౌండ్లు. పెద్ద మొత్తం కాదు. కానీ రోజూ పెరుగుతోందని కాగితం మీద కనిపించడం మంచిదే.

ఖర్చుల దగ్గర జాగ్రత్త. రుజువు ఉన్నదే రాయండి. నేను కూకట్‌పల్లిలో ఫ్లాట్ వాయిదా కట్టాలి, డబ్బు రాక ఆలస్యమై బిల్డర్ జరిమానా వేశాడు. ఆ డిమాండ్ లెటర్ జతచేశాను కాబట్టి అది నిలబడింది. ‘అప్పుడు రూపాయి రేటు బాగుండేది, ఇప్పుడు పడిపోయింది’ అన్న వాదన కూడా పెట్టాను, కానీ ఆ రోజే డబ్బు ఇండియా పంపేదాన్నని చూపించే కాగితం నా దగ్గర లేదు. అది పోయింది. టెన్షన్‌కి, నిద్రలేని రాత్రులకి కూడా అడగొచ్చు, అయితే ఇచ్చేది మామూలుగా వందల్లోనే ఉంటుంది, వేలల్లో ఆశించకండి.

అమ్మకానికి మీ ఇద్దరికీ ఒకే సొలిసిటర్ ఉంటే ఒకటి గుర్తుంచుకోండి: మీరు వాళ్ళకి రాసింది ఎక్స్‌కీ తెలిసే అవకాశం ఉంది. కొత్త ఇంటి అడ్రస్, కొత్త అకౌంట్ నంబరు అవతలి మనిషికి తెలియకూడదనుకుంటే ఆ మాట మొదటి లైనులోనే రాయండి. కొట్టే మనిషి నుంచి బయటపడి వచ్చినవాళ్ళకి ఇది మరీ ముఖ్యం, ఉత్తరంలో అసలు కొత్త అడ్రస్ వేయకండి.

స్టెప్ 4: క్యాలెండర్‌లో మూడు తేదీలు

ఫిర్యాదు పంపిన రోజే ఫోన్లో పెట్టుకోండి.

మొదటిది ఎనిమిది వారాలు. ఫిర్యాదు తేల్చడానికి ఫర్మ్‌కున్న గడువు. ఏప్రిల్ 24న పంపితే జూన్ 19. అప్పటికి తుది జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, లీగల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు.

రెండోది ఆరు నెలలు. ఫర్మ్ తుది జవాబు ఇచ్చిన తేదీ నుంచి ఆంబుడ్స్‌మన్‌కి వెళ్ళడానికి ఉన్న సమయం.

మూడోదే చాలామంది కొంప ముంచేది. తప్పు జరిగిన రోజు నుంచి, లేదా తప్పు జరిగిందని మీరు గ్రహించి ఉండాల్సిన రోజు నుంచి ఒక ఏడాది. అందులోపు ఆంబుడ్స్‌మన్ దగ్గర మీ ఫిర్యాదు ఉండాలి. ఇంతకుముందు ఈ గడువు చాలా ఎక్కువ ఉండేది, 2023 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి తగ్గించారు. పాత సమాచారం చూసి ‘ఆరేళ్ళు ఉందిగా’ అని తాపీగా కూర్చునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఫర్మ్‌తో ఉత్తరాలు నడుస్తున్నంత మాత్రాన ఈ గడియారం ఆగదు. సరైన కారణం ఉంటే గడువు సడలించే అధికారం ఆంబుడ్స్‌మన్‌కి ఉంది కానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఈ ఎనిమిది వారాల్లో మీరు చేయాల్సింది పెద్దగా లేదు. రెండు వారాలకోసారి ఒక లైను గుర్తుచేయండి. రోజూ ఫోన్ చేసి అరవకండి, ఆ అరుపులూ ఫైల్లోకే ఎక్కుతాయి.

స్టెప్ 5: ఆఫర్ వస్తే

నాకు ఆరో వారంలో వచ్చింది. ‘మంచితనంతో, తప్పు ఒప్పుకోకుండా, 10,000 పౌండ్లు ఇస్తాం, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్.’ చేతిలో డబ్బు లేనప్పుడు ఆ పదివేలు చాలా పెద్దగా కనిపిస్తుంది. కానీ ఆ ‘ఫుల్ అండ్ ఫైనల్’ అన్న మాట మీద సంతకం పెడితే మిగతాది వదులుకున్నట్టే. పొరపాటున పోయిన మీ సొంత డబ్బుకి బేరం ఏమిటి? వడ్డీలో, పరిహారంలో తగ్గొచ్చు, అసలులో కాదు.

ఇలా జవాబు రాశాను: ‘వివాదం లేని మొత్తాన్ని ముందు చెల్లించండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఈ చెల్లింపు తీసుకోవడం వల్ల నా ఫిర్యాదు ముగిసినట్టు కాదు.’ ఎనిమిదో వారం ముగియడానికి రెండు రోజుల ముందు 15,600 మొత్తం పడింది. వడ్డీ, బిల్డర్ జరిమానా ఇంకో పది రోజులకి.

మొత్తం పెద్దదయితే, అంటే పదివేలు దాటితే, సంతకం పెట్టేముందు వేరే ఫర్మ్‌లో ఒక గంట సలహా తీసుకోండి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో లాయర్‌కి డబ్బు పెట్టదగ్గ చోటు అదొక్కటే.

స్టెప్ 6: లీగల్ ఆంబుడ్స్‌మన్

వెబ్‌సైట్లో ఫారం నింపొచ్చు, లేదా 0300 555 0333కి ఫోన్ చేయొచ్చు. ఇంగ్లిష్‌లో మాట్లాడటం ఇబ్బందైతే మీ తరఫున స్నేహితులో బంధువులో మాట్లాడేలా రాసివ్వొచ్చు. మీ ఒక పేజీ ఫిర్యాదు, ఫర్మ్ జవాబు, లెక్క కాగితం, ఇవి చాలు. మళ్ళీ ఆరు పేజీలు రాయకండి.

అక్కడ తెలుసుకోవాల్సినవి: పరిహారంగా 50,000 పౌండ్ల వరకు ఇప్పించగలరు. తీర్పు మీరు ఒప్పుకుంటే ఫర్మ్‌కీ మీకూ ఇద్దరికీ కట్టుబాటే, ఆ విషయం మీద మళ్ళీ కోర్టుకి వెళ్ళడానికి ఉండదు. ఒప్పుకోకపోతే కోర్టు దారి మీకు ఉంటుంది. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి. మీ ఇల్లు అమ్మిపెట్టింది సొలిసిటర్ కాకుండా లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ అయినా ఆంబుడ్స్‌మన్ ఇదే.

నష్టం 50,000 దాటితే, నేరుగా నెగ్లిజెన్స్ (నిర్లక్ష్యం) కేసు గురించి వేరే సొలిసిటర్‌తో మాట్లాడండి. దానికి మామూలుగా ఆరేళ్ళ గడువు ఉంటుంది. ఫర్ములకి ఇన్సూరెన్స్ తప్పనిసరి కాబట్టి, డబ్బు ఉండదేమో అన్న భయం అక్కర్లేదు.

ఎస్ఆర్ఏకి ఎప్పుడు? డబ్బు పొరపాటున కాకుండా కావాలనే తీశారని, లెక్కలు దాస్తున్నారని, అబద్ధాలు చెబుతున్నారని అనుమానం వచ్చినప్పుడు. వాళ్ళు ఫర్మ్ మీద చర్య తీసుకుంటారు కానీ మామూలు పొరపాటుకి మీకు పరిహారం ఇప్పించరు. సొలిసిటర్ డబ్బు తినేశాడని తేలితే కాంపెన్సేషన్ ఫండ్ అని వాళ్ళ దగ్గర వేరే నిధి ఉంది, దానికి దరఖాస్తు పెట్టొచ్చు. ‘ఎస్ఆర్ఏకి చెబుతా’ అని ప్రతి ఇమెయిల్లో బెదిరించడం మాత్రం వద్దు. చెప్పాలనుకుంటే చెప్పండి, లేకపోతే ఆ మాట ఎత్తకండి.

స్టెప్ 7: డబ్బు పడ్డాక చూసుకోవాల్సినవి

డబ్బు పడగానే హమ్మయ్య అని ఫైలు మూసేస్తారు. ఇంకో పావుగంట పెట్టండి.

సరిచేసిన కంప్లీషన్ స్టేట్‌మెంట్ అడగండి. లెడ్జర్ కొత్త కాపీ అడగండి, చివర్లో మీ పేరిట మిగులు సున్నా ఉండాలి. నా లెడ్జర్‌లో చివర 212 పౌండ్లు మిగిలి ఉన్నాయి. ఏమిటని అడిగితే ఏజెంట్ కమిషన్‌లో వెనక్కి వచ్చిన మొత్తమట. అడగకపోతే అది అక్కడే ఉండేది. దాంట్లో 60 శాతం, 127 పౌండ్ల 20 పెన్సు, మర్నాడు పంపారు. ఈసారి శాతం సరిగ్గానే వేశారు.

ఆ తర్వాత, ఎక్స్‌కి ఎక్కువ వెళ్ళిన డబ్బు రాబట్టుకునే పని ఫర్మ్‌దేనని, దాని ఖర్చు మీ మీద వేయబోమని ఒక లైను రాయించుకోండి. కాగితాలన్నీ ఒక ఫోల్డర్లో ఆరేళ్ళు ఉంచండి, మీ ఒక్కరికే తెలిసిన ఇమెయిల్లో. పాత ఫ్యామిలీ ఐక్లౌడ్‌లో కాదు.

పదే పదే అడిగే రెండు ప్రశ్నలు

‘ఎక్స్ తరఫు సొలిసిటర్ తప్పు చేశాడు. నేను ఆంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చా?’ మామూలుగా కుదరదు. ఆంబుడ్స్‌మన్ ఫర్మ్ క్లయింట్ల ఫిర్యాదులే తీసుకుంటాడు, మీరు వాళ్ళ క్లయింట్ కాదు. మీ సొలిసిటర్ ద్వారా వాళ్ళకి రాయించండి. ప్రవర్తన మరీ దారుణంగా ఉంటే ఎస్ఆర్ఏకి ఎవరైనా చెప్పొచ్చు. అయితే అమ్మకానికి ఇద్దరూ కలిసి ఒకే సొలిసిటర్‌ని పెట్టుకుని ఉంటే, ఆ సొలిసిటర్‌ని ఎక్స్ తెచ్చినా సరే, మీరూ క్లయింటే. క్లయింట్ కేర్ లెటర్ మీద మీ పేరు ఉందో లేదో చూసుకోండి.

‘ఇప్పుడు నేను ఇండియాలో ఉన్నాను. ఇక్కడి నుంచి చేయొచ్చా?’ చేయొచ్చు. అన్నీ ఇమెయిల్ మీద నడుస్తాయి. ఫర్మ్ మిమ్మల్ని ఫోన్లో పట్టుకునే వేళ ఏదో చెప్పండి. వేసవిలో అక్కడ ఉదయం తొమ్మిదిన్నర అంటే మనకి మధ్యాహ్నం రెండు, చలికాలంలో మూడు. ఇంగ్లండ్‌లోని మీ అకౌంట్ మూసేసి ఉంటే మాత్రం ఫిర్యాదుకంటే ముందు దాని సంగతి చూడండి. డబ్బు ఎక్కడికి వేయాలో తేలక ఒకమ్మాయిది రెండు నెలలు ఆగిపోయింది.